జీపులో పునీతుడు, పక్కన మనవడు

ఇస్కాకు తాగుబోతులంటే అసహ్యమని ఊళ్లో చెప్పుకుంటారు. అసహ్యించుకోవాలంటే అవతలివాణ్ణి కాస్తయినా మనిషి లెక్కలో వేయాలి. ఆమె అంత దూరం పోదు. వానాకాలం వాకిట్లో చేరిన కప్పను చీపురుతో నెట్టినట్టు పక్కకు నెట్టి, తన పని తాను చూసుకుంటుంది.

అయినా ఊళ్లో ఎవడికి మోతాదు మించినా కబురు ఆమెకే పోతుంది.

"పెద్దమ్మా, మా తమ్ముడు పందుల దొడ్లో పడుకున్నాడు. లేవనంటున్నాడు."

"పందులేమంటున్నాయి?" అని అడిగి, చెప్పులేసుకుని బయల్దేరుతుంది. తిట్టుకుంటూ వెళ్తుంది. తిడుతూనే వాణ్ణి ఒక పక్కకు తిప్పి, వీపు వెనక బియ్యం మూటో పీచు బస్తానో ఆనించి, వాడు కళ్లు తెరిచేదాకా దగ్గర కూర్చుంటుంది. తెరిచాక మళ్లీ మొదట్నుంచి తిడుతుంది, ఈసారి వాడికి వినబడేలా.

ఈ విద్య ఆమెకు మొగుడు చచ్చి నేర్పాడు. పోన్సో కొబ్బరిచెట్లు గీసేవాడు. బనహావ్ కొండ కింది ఊళ్లలో గీతగాళ్లు ప్రతి చెట్టూ ఎక్కి దిగరు. చెట్టు తలకూ చెట్టు తలకూ మధ్య వెదురు బొంగులు కట్టి, ఒకదాని మీద అడుగేస్తూ ఇంకోదాన్ని పట్టుకుని, తోటంతా ఆకాశంలోనే తిరిగొస్తారు. పోన్సో ఇరవై ఏళ్లు అలా తిరిగాడు. ఒక్కసారి కాలు జారలేదు. చివరికి చాప మీద చచ్చాడు. మేనల్లుడి పెళ్లిలో తాగి ఒరిగిపోతే స్నేహితులు ఎంతో మర్యాదగా ఎత్తుకెళ్లి, వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డందాకా దుప్పటి కప్పి, "పాపం, నిద్రపోనివ్వండి" అని తలుపు దగ్గరగా వేసి వచ్చారు. వాంతి గొంతుకు అడ్డం పడింది. ఆ వేళకు ఇస్కా పెళ్లింటి పెరట్లో డేగిశాలు తోముతోంది. శవపేటికను ఆ స్నేహితులే మోశారు. మోసేముందు ధైర్యానికి తలా ఒక గ్లాసు వేసుకున్నారు.

అప్పట్నుంచి ఆమె వైద్యం రెండే ముక్కలు. తాగినవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టొద్దు. ఒంటరిగా వదలొద్దు. అంతకుమించి ఆమెకేమీ తెలియదు, తెలుసని ఎన్నడూ అనలేదు.

ఆమె అసలు పని రంగు పిండాకులు చేయడం. బియ్యప్పిండి జారుగా కలిపి, రంగు వేసి, వెడల్పాటి అడవి ఆకు మీద పూసి ఆవిరి పడుతుంది. ఆరాక ఒలిస్తే ఈనెలతో సహా ఇంకో ఆకు చేతికొస్తుంది, ఎర్రదో పసుపుదో నారింజదో. మే నెలలో రైతుల పునీతుడు ఇసిద్రో పండుగ. ఆ రోజు వీధిలో ప్రతి ఇల్లూ ఈ పిండాకుల్ని గుత్తులు కట్టి, గుమ్మడికాయలు, వరికంకులు, ఆకుల్లో చుట్టి ఉడికించిన బంకబియ్యం పొట్లాలు కలిపి, చూరు నుంచి గడప దాకా వేలాడదీస్తుంది. పట్నం నుంచి పెద్దమనుషులు వచ్చి ఏ ఇల్లు బాగుందో తేల్చి బహుమతి ఇస్తారు. తర్వాత పునీతుడి ఊరేగింపు. పునీతుడు ఇంటి ముందు నుంచి దాటాడంటే ఇక ఆ ఇంటి అలంకారం జనం సొత్తు. పీక్కోవచ్చు, తినొచ్చు, మోసుకుపోవచ్చు. ఇంటివాళ్లు అడ్డు చెప్పకూడదు సరికదా, మేడమీంచి పొట్లాలు విసరాలి. దాటకముందు మాత్రం ఒక్క ఆకు ముట్టుకున్నా దొంగతనమే.

ఆ ఏడు ఇస్కా ఆకులన్నీ ఊరిపెద్ద ఉర్బానో ఇంటికి కుదిరాయి. ఊరంతా అతన్ని కపిటాన్ అంటుంది. అతనూ అద్దంలో చూసుకున్నప్పుడు అలాగే పిలుచుకుంటాడని ఇస్కా అనుమానం. ఎప్పుడూ రెండో బహుమతి దగ్గరే ఆగిపోతున్నాడు. ఈసారి మొదటిది కొట్టాలని ఇంటి ముందు పిండాకులతో నెమలి పురి విప్పించాడు. పునీతుడి బండి కూడా అతని జీపే. పొద్దున్నే నాగలి, చెక్క ఎద్దు, టోపీతో సహా ఇసిద్రోను వెనక ఎక్కించి, మేకులు కొట్టి, తాళ్లతో బిగించి, ఇంటి ముందే నిలబెట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఎండలో ఇస్కా నిచ్చెన మీదుండి నెమలి తోకకు చివరి గుత్తులు కడుతోంది. ఇంటి వెనక సపోటా చెట్టు కింద మగవాళ్లు పండుగ చేసుకుంటున్నారు. అంటే కొబ్బరికల్లు కాచి దించిన సారా తాగుతున్నారు.

ఆ ఊళ్లో ఎంతమంది కూర్చున్నా గ్లాసు ఒకటే. పోసేవాడొకడు. గ్లాసు తన ముందుకొచ్చినవాడు "ఇది నా వంతండీ" అనాలి, చుట్టూ ఉన్నవాళ్లు "ఒంటబట్టాలి" అనాలి, వాడు ఒక్క గుక్కలో ఖాళీ చేయాలి. వద్దనడం మర్యాద కాదు. మర్యాదకు పెరటి గుమ్మం లేకపోతే మగవాళ్లు బతగ్గలరా? తాగలేనివాడు తన వంతును ఇంకొకడి చేత ఎత్తించొచ్చు. ఎత్తుకున్నవాడు మొనగాడు, ఎత్తించినవాడు మర్యాదస్తుడు.

ఇస్కా మనవడు జునెల్‌కు పదహారేళ్లు. వాళ్లమ్మ లుసేనా పట్నంలో ఒక లాండ్రీలో పనిచేస్తుంది. వాడు అమ్మమ్మ దగ్గర పెరిగాడు. పెద్దల వలయంలో కూర్చోమని పిలుపు రావడం వాడికదే మొదలు. పిలిచింది కపిటానే, వాడి జ్ఞానస్నానపు తండ్రి. పిలిచిన కారణం మాత్రం వేరు. పట్నం పెద్దమనుషులతో మాట్లాడేటప్పుడు నోరు వాసన రాకూడదు కనుక, "నా వంతు నా బిడ్డ ఎత్తుకుంటాడు" అన్నాడు. పోసే సీలోకు రక్తపోటు. "నాదీ ఎత్తుకోరా, దీవిస్తా" అన్నాడు. డోలు వాయించే ఆంబోకు సాయంత్రం ఊరేగింపు ఉంది, తాళం తప్పితే పరువు పోతుంది. వాడి వంతూ జునెల్‌కే వచ్చింది. ఒకడికి వాసన, ఒకడికి రక్తపోటు, ఒకడికి డోలు. కుర్రాడికి ఏ అడ్డూ లేదు కదా! మెడ నిక్కించిన పందెం కోడిలా కూర్చుని, నలుగురి వంతూ ఒక్కడే మోశాడు.

కాసేపటికి కపిటాన్ భార్య మిలా నిచ్చెన కిందికొచ్చి నిలబడింది.

"అక్కా, మీ జునెల్ కాస్త పడుకున్నాడు."

"పడుకునేంత పని ఏం చేశాడు?"

మిలా పెరటివైపు చెయ్యి చూపింది. ఇస్కా చేతిలోని గుత్తి వదిలేసి దిగింది.

వాణ్ణి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ముఖం మీద తడి తువ్వాలు. ఒకడు వెనిగర్ సీసా పట్టుకున్నాడు, ఒకడు కాఫీ కప్పు, ఇంకొకడు బకెట్టుతో చన్నీళ్లు.

"ముఖం మీద తువ్వాలెందుకురా?" అంది ఇస్కా. "పోయాడనుకున్నారా, సిగ్గుపడుతున్నాడనుకున్నారా?"

"చల్లగా ఉంటుందని పెద్దమ్మా."

"నీ ముఖం మీద వేసుకో. మాక్కూడా చల్లగా ఉంటుంది."

తువ్వాలు లాగేసి, భుజం పట్టి వాణ్ణి తనవైపు తిప్పింది. పై మోకాలు మడిచి, చెయ్యి చెంప కింద పెట్టి, వీపుకు బియ్యం మూట ఆనించింది. తిప్పగానే నోట్లోంచి పసుపు నీళ్లు జారాయి. అవి జారి బల్ల మీద పడేదాకా ఆమె ఊపిరి బిగబట్టే ఉంది. వేలికి ఆ తువ్వాలు కొస చుట్టి వాడి నోరు శుభ్రం చేసింది.

"కాస్త కాఫీ పడితే..." అన్నాడు సీలో.

"మింగలేనివాడి నోట్లో కాఫీ పోస్తావా? మా ఆయనకు దుప్పటి కప్పింది మీ నాన్నే. వంశాచారం మానుకోరా సీలో."

"తల మీద రెండు చెంబులు గుమ్మరిస్తే దిగిపోతుందక్కా," అన్నాడు ఆంబో.

"నీ డోలు మీద గుమ్మరించు, అది దిగుతుందేమో చూద్దాం."

మూడో సలహా ఎవరూ ఇవ్వలేదు. ఇస్కా ఒక చెయ్యి వాడి పొట్ట మీద వేసి, పెదవులు కదుపుతూ మరియమ్మ జపం మొదలుపెట్టింది. భక్తితో కాదు. ఆమెకు గడియారం లేదు. ఊపిరికీ ఊపిరికీ ఎడం చూసుకోవడానికి జపమే కొలత. మామూలు తాగుబోతైతే జపం సగానికి రాకముందే గురక పెడతాడు. జునెల్ ఊపిరి మొదట సగం దగ్గర వచ్చింది. తర్వాత "పాపాత్ములమైన మా కొరకు" దాకా పోయింది. గిల్లింది. కనురెప్ప కదల్లేదు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడుతున్నాయి. చెయ్యి మే నెల ఎండలో కూడా చల్లగా ఉంది. ఇంకోసారి మొదలుపెట్టింది. ఆమెన్ అన్నాక వచ్చింది ఊపిరి.

ఇస్కా లేచి నిలబడింది. "బండి తియ్యండి. ఆసుపత్రికి."

"అక్కా, ఎక్కువ చేస్తున్నావు," అన్నాడు కపిటాన్. బుట్టా పనితనమున్న పండుగ చొక్కా వేసుకుని, వాంతి తగలకుండా దూరంగా నిలబడ్డాడు. "కుర్రాళ్లన్నాక మొదటిసారి ఇంతే. నిద్రపోతే సర్దుకుంటుంది."

"ఆ ముక్క పోన్సో సమాధి మీద రాయిద్దాం. బండి తియ్యి."

"ఏ బండి? ఆటోలవాళ్లంతా తాగున్నారు."

"నీ జీపు."

"అందులో పునీతుడున్నాడు!"

"దించు."

"ఎక్కిన పునీతుడు ఊరు తిరక్కుండా దిగడు. నీకు తెలీదా? పైగా మేకులు కొట్టాం."

"అయితే దించొద్దు. ఆయన్నీ రమ్మను. రైతే కదా, ఆయనకూ తాగిన కుర్రాళ్లు కొత్తకాదు."

కపిటాన్ ఆమెను చెయ్యి పట్టి పక్కకు లాగి గొంతు తగ్గించాడు. "అక్కా, కాస్త ఆలోచించు. ఆసుపత్రిలో అడుగుతారు. మైనరు. ఎవరింట్లో తాగాడంటారు."

ఇస్కా అతని భుజం మీంచి గోడవైపు చూసింది. పద్దెనిమిది నిండనివారికి మద్యం ఇవ్వడం నేరమని అక్కడ పెద్ద బోర్డు. కింద కపిటాన్ నవ్వుతున్న బొమ్మ, సంతకం. ఆ బోర్డు మేకుకే ఎవరో సారా క్యాను తగిలించారు.

"బొమ్మ బాగా పడింది," అంది ఇస్కా. "ఒరేయ్ కానోర్!"

కానోర్ జీపు డ్రైవరు. ఆ పూట ఊళ్లో బండి నడిపేవాళ్లలో తాగనివాడు అతనొక్కడే. నీతి వల్ల కాదు, కడుపులో పుండు వల్ల. కపిటాన్ వైపు ఒకసారి, కుర్రాడి పెదవుల వైపు ఒకసారి చూసి, జునెల్‌ను భుజాన వేసుకున్నాడు. కపిటాన్ అడ్డం రాబోతే మిలా అతని చొక్కా వెనక నుంచి పట్టుకుంది. "బుట్టాలు చిరిగిపోతాయి, కదలకండి," అంది.

చెక్క ఎద్దుకూ పునీతుడి కాళ్లకూ మధ్య వాణ్ణి పక్కవాటుగా పడుకోబెట్టారు. ఇస్కా వెనక కూర్చుని మోకాళ్లు వాడి వీపుకు ఆనించింది. మిలా పరుగున వచ్చి ఒక గొడుగు, ఒక దుప్పటి విసిరింది. జీపు కదిలింది.

ఎవరూ ఆలోచించని సంగతి అప్పుడు జరిగింది. ఆసుపత్రికి దారి ఒక్కటే, పండుగ వీధి గుండా. వీధి మొదట్లో నీడన బ్యాండువాళ్లు బూట్లు విప్పి కునుకు తీస్తున్నారు. సారా వలయం నుంచి జారుకుని అప్పుడే అక్కడికి చేరిన ఆంబో, పునీతుడి టోపీ తన ముందు నుంచి సాగిపోవడం చూసి గావుకేక పెట్టాడు.

"లేవండ్రా! మనల్ని వదిలేసి బయల్దేరిపోయాడు!"

జీపు ఎందుకు బయల్దేరిందో ఆ వీధి మొత్తంలో తెలిసినవాడు వాడొక్కడే. కానీ డోలు మెళ్లో పడ్డాక వాడికి ఇంకేదీ గుర్తుండదు. బ్యాండు ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా ఊదుకుంటూ జీపు వెనక పరుగెత్తింది. ఆ మోత విని గుడిలో గంట కొట్టారు. గంట విని జనం వీధిలోకి ఉరికారు. పునీతుడు మొట్టమొదట దాటిన ఇల్లు కపిటాన్‌దే కనుక మొట్టమొదట దాని మీదే పడ్డారు. ఇస్కా ఒక్కసారి వెనక్కి చూసింది. వేసవంతా వంగి వంగి తాను చేసిన నెమలి తోక ఊపుకు తెగి, జనం తలల మీద ఎర్రగా పచ్చగా కూలుతోంది. మళ్లీ తల తిప్పి జపం అందుకుంది.

"ఊరేగింపు కాదు! ఆసుపత్రికి!" అని కానోర్ హారన్ మోగిస్తూ అరిచాడు.

"వీవా ఇసిద్రో!" అని వీధి జైకొట్టి జవాబిచ్చింది.

మేడల మీంచి పొట్లాలు వర్షంలా పడుతున్నాయి. ఇస్కా గొడుగు తెరిచి కుర్రాడి తలకు అడ్డం పట్టింది. గుమ్మంలో కుర్చీ వేసుకున్న ఒక ముసలమ్మ చేతులు జోడించి, "ఈ ఏడు దృశ్యం కూడా కట్టారే! నూతిలో పడ్డ పిల్లాణ్ణి పునీతుడు బతికించిన ఘట్టం! కుర్రాడు శవంలా ఎంత బాగా చేస్తున్నాడో!" అని పక్కింటివాళ్లకు చూపించింది.

"నీ నోట్లో మన్ను పడ!" అంది ఇస్కా. ఆ అరుపుకు గొడుగు వంగింది. ఆ సందులోంచి ఒక బంకబియ్యం పొట్లం వచ్చి జునెల్ చెవి మీద ధడేల్‌మని తగిలింది. వాడు "మ్మ్" అని మూలిగాడు.

సపోటా చెట్టు దగ్గర్నుంచి వాడు చేసిన మొదటి చప్పుడది. ఇస్కా మేడవైపు తలెత్తి, "ఇంకోటి విసరండే!" అని అరిచింది.

ఆసుపత్రిలో నర్సు పునీతుణ్ణి చూసి సిలువ గుర్తు వేసుకుని, జునెల్‌ను చూసి ఇస్కాను తిట్టింది. తనను మించి తిట్టేవాళ్లు కనపడితే ఇస్కాకు గౌరవం. నోరెత్తకుండా నిలబడింది. ముక్కుకు గొట్టం పెట్టారు, చేతికి సెలైన్ ఎక్కించారు, వెచ్చగా కప్పారు, పక్కవాటుగానే ఉంచారు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి తీయడమే మరిచిపోయేవాడని నర్సు అంది. ఎక్కడ తాగాడు, ఎవరు పోశారు అని అడిగింది.

"చెప్పాల్సినవాడు వస్తున్నాడు," అంది ఇస్కా.

వచ్చాడు. ఎవరిదో మోటారు సైకిలు వెనక ఎక్కి, బుట్టాల చొక్కా చెమటకు ఒంటికంటుకుపోయి.

"ఊరి పరువు తీశావక్కా! పట్నంవాళ్లు వచ్చేసరికి వీధిలో బొంగులు తప్ప ఏం మిగల్లేదు. మా ఇంటి ముందు నిలబడి, 'ఇంకా అలంకరించలేదా?' అని అడిగారు. నన్ను!"

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నవ్వాను."

"బోర్డు మీదలాగేనా?"

అతను మంచం మీది కుర్రాణ్ణి చూసి కాస్త తగ్గాడు. బాగున్నాడా అని అడగలేదు. పక్కన కూర్చుని గుసగుసగా అన్నాడు: "జరిగిందేదో జరిగింది. నర్సుకు ఏం చెప్పావు?"

"ఇంకా ఏం చెప్పలేదు."

"దేవుడు చల్లగా చూశాడు. తోటలో దొంగతనంగా తాగాడని చెప్పు. చిన్నవాడు, వాణ్ణేం చేస్తారు? రెండు మందలిస్తారు, అంతే. నేనైతే పదవిలో ఉన్నాను. వాడు నా బిడ్డలాంటివాడు కదా, నాకోసం ఆమాత్రం చెయ్యడా?"

ఇస్కా అతనివైపు తిరిగింది. కప్పను చూసినట్టే చూసింది, కానీ ఈసారి చీపురుతో నెట్టెయ్యలేదు.

"ఉర్బానో, నీ వంతు వాడు ఎత్తుకున్నాడు. సీలోదీ ఎత్తుకున్నాడు. ఆంబోదీ ఎత్తుకున్నాడు. ఎవరి వంతూ కాదనలేదు, మర్యాదస్తుడు. ఇప్పుడు గ్లాసు వాడి ముందుకొచ్చింది. వాడు నోరు తెరవలేడు. వాడి వంతు నువ్వెత్తుకో."

"అక్కా..."

"వద్దనడం మర్యాద కాదు."

వసారాలో నర్సు నిలబడి ఇటే చూస్తోంది. కపిటాన్ చొక్కా సర్దుకున్నాడు. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. పారిపోయేవాడేమో కానీ గుమ్మంలో కానోర్ నిలబడి ఉన్నాడు, వాడి వెనక సగం బ్యాండు. కాళ్లీడ్చుకుంటూ నర్సువైపు నడిచాడు.

"ఒంటబట్టాలి," అంది ఇస్కా వెనక నుంచి.

బయట ఆసుపత్రి వాకిట్లో పునీతుడు ఎండకు నిలబడి ఉన్నాడు. లేచి నడవగలిగిన రోగులు సెలైన్ స్టాండ్లు నెట్టుకుంటూ వచ్చి, ఆయన తమ ముందు నుంచి దాటాడు కనుక, జీపుకు అలంకారంగా కట్టినవాటిలో మిగిలిన గుమ్మడికాయలు విప్పుకుంటున్నారు. ఆయన్ను ఎప్పుడు ఇంటికి తీసుకెళ్లాలని కానోర్ అడిగాడు. ఇంత మంది మగవాళ్లలో పని చేసినవాడు ఆయనొక్కడే, కాస్త కూర్చోనివ్వమంది ఇస్కా.

జునెల్ ఒక కన్ను తెరిచాడు. "అమ్మమ్మా, మనకు బహుమతి వచ్చిందా?"

"వచ్చింది. నీ ముక్కులో ఉంది, పీకకు."

వాడు కన్ను మూసుకున్నాడు. ఇస్కా చెయ్యి మళ్లీ వాడి పొట్ట మీద వేసి జపం మొదలుపెట్టింది. రెండు మాటలు కాకముందే ఊపిరి వచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ వచ్చింది. చీకటి పడేదాకా ఆమె జపం ఒక్కటీ సగానికి చేరలేదు. మధ్యమధ్య వాడికి దాచిపెట్టిన తిట్లను మాత్రం ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ, వరస తప్పకుండా పేర్చుకుంది.